ఇంటిపేర్లు తీసేసిన ఆఫీసు

ఇంటిపేరు తీసేస్తే మనుషులంతా సమానమైపోతారని మా ఆఫీసులో కొంతకాలం నమ్మాం. గుంటూరు అరండల్‌పేటలో మా మెట్ల పక్కన లాయర్ల పేర్ల బోర్డు ఉండేది. దాని మీద ఇంటిపేర్లన్నిటికీ రంగు పూయించి చెరిపేశారు. చేయించిన మా సీనియరు చెడ్డవాడు కాదు. నేను చూసిన ప్లీడర్లలో మంచివాడు ఎవరంటే మొదట ఆయన పేరే చెబుతాను. కానీ ఆ మంచి పని వల్ల ఒక ఆడపిల్ల వేసుకున్న నల్లకోటు ఊడిపోయే దాకా వచ్చింది.

ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్న మీకు నేను గెలిచిన కేసులు చెప్పి ప్రయోజనం లేదు. సెక్షన్లు పుస్తకాల్లో ఉన్నాయి. ఒక పత్తి చేలో గట్టు మీద నిలబడి నేను నిర్ఘాంతపోయిన రోజు సంగతి ఏ పుస్తకంలోనూ లేదు. రిటైరై ఇంట్లో కూర్చున్నాక కూడా అది నన్ను వదలలేదు కాబట్టి రాస్తున్నాను.

అంతకుముందు ఎవరు

మా నాన్న పల్లెటూరి సంఘానికి పాస్టరు. పొద్దున్న ప్రార్థన, ఆదివారం సండే స్కూలు, సాయంత్రం వాక్యం, ఇదే నా బాల్యం. పరిశుద్ధ గ్రంథంలో వంశావళులు వచ్చినప్పుడు పిల్లలం ఆవలించేవాళ్ళం. ఫలానావాడు ఫలానావాణ్ణి కన్నాడు అంటూ పేజీల కొద్దీ పేర్లు. నాన్న మాత్రం ఒక్క పేరు కూడా దాటవేసేవాడు కాదు. "దేవుడు ఒక్కణ్ణి కూడా వదలకుండా తండ్రి పేరుతో రాయించుకున్నాడు. మనకేం తొందరొచ్చింది?" అనేవాడు. ఆ మాట విలువ నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

లా చదివి పూర్ణచంద్రరావు గారి దగ్గర జూనియర్‌గా చేరాను. ఆయనది వ్యవసాయ కుటుంబం. జిన్నింగ్ మిల్లులు, కోల్డ్ స్టోరేజీలు, పొలాల తగాదాలు, ఆయన ప్రాక్టీసంతా అదే. మా ప్రాంతంలో క్లయింటు ఆఫీసు మెట్లెక్కగానే కేసు చెప్పడు. ముందు మనమెవరో తెలుసుకుంటాడు. ఏ ఊరు, ఇంటిపేరేంటి, ఎవరి తాలూకు. ఈ మూడు జవాబులు దొరికాక మన ఎదురుగా కూర్చోవాలో, సీనియర్ వచ్చే దాకా నిలబడే ఉండాలో నిర్ణయించుకుంటాడు.

నేను చేరిన కొత్తలో ఒక పొగాకు రైతు నన్ను ఎగాదిగా చూసి అడిగాడు.

"మీరేవిటోళ్ళమ్మా?"

"క్రైస్తవులమండీ."

"అది తెలుస్తానే ఉంది. అంతకుముందు?"

పుట్టినప్పటి నుంచీ యేసు ప్రభువు బిడ్డనే అనుకుంటున్న నాకు ఒక 'అంతకుముందు' ఉందని, అది ఈయనకి కావాలని అప్పుడే తెలిసింది. లోపలి గదిలోంచి పూర్ణచంద్రరావు గారి గొంతు వినిపించింది.

"అంతకుముందు మా ఆఫీసులో ఆడ లాయరు లేరండీ. ఇప్పుడున్నారు. కేసు ఆవిడకే చెప్పండి."

ఆయన అలాంటివాడు. ఆడ జూనియర్లని వాయిదాలు అడగటానికీ భరణం కేసులకీ వాడుకునే రోజుల్లో నాకు సివిల్ సూట్లు ఇచ్చాడు. కొన్నేళ్ళకి ఆ బోర్డు మీద ఆయన పేరు కింద రెండో పేరు నాదే అయింది. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత చెప్పేది విని ఆయన్ని తేలిగ్గా తీసెయ్యొద్దు.

కంపెనీవాళ్ళ ప్రశ్నలు

హైదరాబాదు నుంచి ఒక మసాలా ఎగుమతి కంపెనీ గుంటూరులో తన కేసులన్నీ ఒకే ఆఫీసుకి ఇవ్వాలనుకుంది. ఇచ్చే ముందు కొన్ని ప్రశ్నలు పంపింది. మీ ఆఫీసులో ఆడవాళ్ళెంతమంది, మైనారిటీలెంతమంది, దళితులెంతమంది, వివక్ష లేకుండా ఏం చేస్తున్నారు. పూర్ణచంద్రరావు గారు ఆ కాగితం చదివి నవ్వలేదు. నిజంగానే ఆలోచనలో పడ్డాడు.

"కరుణా, ఇన్నేళ్ళుగా మన వరండాలో జరిగేదంతా ఒక్క ప్రశ్నతోనే మొదలవుతోంది. ఇంటిపేరేంటి అని. అది లేకుండా చేస్తే?"

"ఎలాగండీ?"

"తీసేద్దాం. బోర్డు మీద వద్దు, విజిటింగ్ కార్డు మీద వద్దు. మనవాళ్ళెవరూ ఇంటి సంగతులు ఆఫీసులో ఎత్తొద్దు. క్లయింట్లు అడిగితే చెప్పొద్దు."

నాకూ బాగానే అనిపించింది. 'అంతకుముందు?' అన్న గొంతు నా చెవిలో ఇంకా ఉంది మరి.

ఆ రూలు వచ్చాక చేరిన మొదటి జూనియర్ రేష్మ. గుంటూరులోనే చదువుకుంది. మాట తక్కువ, డ్రాఫ్టింగ్ శుభ్రం. ఇంటర్వ్యూలో తన ఇంటిపేరు చెప్పబోతే పూర్ణచంద్రరావు గారు చెయ్యెత్తి ఆపాడు. "మాకొద్దమ్మా. నువ్వు రేష్మవి, లాయరువి. చాలు" అన్నాడు. ఆ పిల్ల కళ్ళల్లో కనిపించిన మెరుపు నేను చూశాను. ఆమె ముస్లిం అని దరఖాస్తులో ఉంది కాబట్టి మా ఇద్దరికీ తెలుసు. ఎక్కడి ముస్లిం, ఎవరి పిల్ల, ఆమె చుట్టాలు ఏ ఊళ్ళలో ఉన్నారు, ఇవేవీ మాకు తెలియవు. తెలుసుకోకపోవటమే గొప్ప అనుకున్నాం.

కారులో

ప్రత్తిపాడు వైపు ఒక పల్లెలో కోటయ్య గారని పత్తి, మిరప రైతు. పూర్ణచంద్రరావు గారికి పాత క్లయింటు. కోటయ్య గారి చేని గట్టు మీద నుంచి ఊళ్ళోని నూర్‌బాషా కుటుంబాలవాళ్ళు తమ సమాధుల దొడ్డికి నడుస్తారు. వాళ్ళు మన ప్రాంతపు తెలుగు ముస్లింలే, దూదేకులవాళ్ళని కూడా అంటారు. వాళ్ళ తాతలు పత్తి ఏకి పరుపులు కుట్టేవాళ్ళు. ఆ దారి ఆపమని కోటయ్య గారు దావా వేశాడు. దారి నిజంగా ఉందో లేదో చూసి రమ్మని కోర్టు ఒక అడ్వకేట్ కమిషనర్‌ని పంపింది. అలాంటి రోజు రెండు పక్షాల లాయర్లూ చేలో ఉండాలి.

ఆ ఫైలు చూసే జూనియర్‌కి జ్వరం వచ్చింది. పొద్దున్నే రేష్మని కారెక్కించుకున్నాం. ముందు సీట్లో పూర్ణచంద్రరావు గారు, వెనక నేను, రేష్మ, కోటయ్య గారు. ఏ ఊరు వెళుతున్నామో కూడా ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదు.

కోటయ్య గారు చెడ్డమనిషి కాదు. జామకాయలు తెచ్చాడు. అందులో పెద్దది రేష్మ చేతిలో పెట్టాడు.

"తినమ్మా, మా చెట్టువే. ఏ ఊరు మనది?"

"గుంటూరేనండీ."

"మీ నాన్నగారేం చేస్తారు?"

ముందు సీట్లోంచి పూర్ణచంద్రరావు గారు వెనక్కి తిరిగి నవ్వాడు. "కోటయ్య గారూ, మా ఆఫీసులో ఆ ప్రశ్నలు బంద్ చేశాం."

"అదేందండీ. అడక్కపోతే ఎట్టా తెలుసుద్ది?"

"తెలియకపోవటమే మంచిది."

"సర్లెండి, మీ ఇష్టం. పిల్లని చూస్తే మా ఇంటి పిల్లలాగే ఉంది. ఇంక అడిగేదేముంది?"

ఇంటిపేరు వినపడకపోయేసరికి ఆయన ఆమెకి తన ఇంటిపేరే పెట్టేసుకున్నాడు. ఖాళీ ఉంటే మనిషి అందులో తననే నింపుకుంటాడని అప్పటికి నాకు తట్టలేదు. ఇక ఆయన మాటకి అడ్డు లేకుండా పోయింది.

"మా తాతల నాడు దూదేకులోళ్ళు మా పెరట్లో కూర్చుని పరుపులకి దూది ఏకేవాళ్ళమ్మా. నట్టింట్లోకి వచ్చే ధైర్యం ఉండేది కాదు. ఇప్పుడు కోర్టులో నాకెదురుగా నిలబడతన్నారు. ఆ సైదమ్మ ఉంది చూడు, మొగుడు పోయి ఏడాది కాలేదు. శుక్రవారం వస్తే చాలు, అగరొత్తులు పట్టుకుని నా గట్టు మీద పడుద్ది. శవాలకీ దారంట, మొక్కులకీ దారంట. వాళ్ళకి ఇంత చోటు ఇవ్వటమే తప్పు."

రేష్మ జామకాయ తినటం ఆపేసింది. కొరికిన కాయ చేతిలోనే ఉంది. ఆమె ముందుకి వంగింది.

"సార్, ఆ ఊళ్ళో మా..."

"నీకూ అదే రూలమ్మా" అన్నాడు పూర్ణచంద్రరావు గారు, తిరిగి చూడకుండానే. "ఇంటి సంగతులు ఆఫీసు పనిలో వద్దు."

ఆమె వెనక్కి ఆనుకుంది. నేను ఆమె వైపు చూశాను. కిటికీ వైపు తిరిగిపోయింది. కారు మెయిన్ రోడ్డు దిగి నల్లరేగడి బాటలో పడింది.

గట్టు మీద

పత్తి తీతలు జరుగుతున్నాయి. ఆడకూలీలు ఒళ్ళో పత్తి నింపుకుంటూ మమ్మల్ని చూసి ఆగారు. కమిషనర్ గారు టేపు పట్టించి గట్టు వెడల్పు రాసుకుంటున్నాడు. అవతలి పక్షం లాయరు, ఆయన వెనక నలుగురైదుగురు నూర్‌బాషా మగవాళ్ళు, చివర్న ఎండకి తల నిండా కొంగు కప్పుకున్న ఒక పెద్దావిడ. రేష్మ నల్లకోటుతో నా వెనకే నిలబడింది.

ఆ పెద్దావిడ రెండడుగులు ముందుకొచ్చి కళ్ళు చికిలించింది.

"ఏమే రేష్మా. నువ్వేందే ఇక్కడ?"

గట్టు మీద అందరూ ఒక్కసారిగా ఆగిపోయారు.

"మా తమ్ముడి కూతురండీ" అంది ఆవిడ, ఒకరితో కాదు, అందరితో. కారులో కోటయ్య గారు చెప్పిన సైదమ్మ ఆవిడే. గొంతులో గర్వమే ఉంది. లాయరు చదివిన మేనకోడలిని కోటు వేసుకుని చూడటం అదే మొదటిసారి. తర్వాత ఆమె చూపు నా మీదికీ, కోటయ్య గారి మీదికీ పోయింది. మేము ఎటువైపు నిలబడ్డామో అర్థమైంది. ఆ గర్వం ఆ మొహంలోంచి దిగిపోవటం నేను చూశాను. అలాంటిది అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు.

"మా మీదికే వచ్చావా తల్లీ?"

"బయల్దేరేటప్పుడు నాకు తెలియదత్తా."

అవతలి లాయరు నవ్వాడు. "బాగుందండీ మీ ఆఫీసు. రెండు పక్కలా మీరే."

కోటయ్య గారు రేష్మ ముందుకొచ్చాడు. "ఇంతసేపూ నా పక్కన కూర్చుని అన్నీ విన్నావు గదమ్మా."

"మీరు చెప్పారు కాబట్టి విన్నానండీ."

"దొంగతనంగా నా కేసులో చొరబడ్డావు. నేను బార్ కౌన్సిల్‌కి రాస్తా. నీ కోటు ఉంటదో ఊడుద్దో చూస్తా."

పూర్ణచంద్రరావు గారు రేష్మ వైపు తిరిగాడు. "ఈ సంగతి ముందే చెప్పొద్దా అమ్మా?"

"చెప్పబోయాను సార్."

ఆయనకి గుర్తొచ్చింది. గుర్తొచ్చిందని ఆయన మొహమే చెప్పింది. అయినా కమిషనర్ వైపు తిరిగిపోయాడు.

సైదమ్మ కొంగు సరిచేసుకుని, "పో తల్లీ, కారులో కూర్చో. ఎండలో ఉండమాక" అని వెనక్కి నడిచింది, ఆ గట్టు మీద నుంచే. కోర్టు పని మీద వచ్చిన మేమందరం టేపు పట్టుకుని నిలబడి ఉండగా, ఆ దారిలో నడిచిన మనిషి ఆమె ఒక్కతే.

లెక్కలో ఉంది, గదిలో లేదు

మర్నాడు పూర్ణచంద్రరావు గారు నన్ను లోపలికి పిలిచాడు. బల్ల మీద కంపెనీకి పంపాల్సిన జవాబులున్నాయి.

"రేష్మని కొన్నాళ్ళు రావద్దని చెప్పు కరుణా. కోటయ్య చల్లారే దాకా. కేసు మన దగ్గరే ఉంచుదాం. పాత క్లయింటు."

"మరి ఈ జవాబుల్లో?"

"దాంట్లో ఉండనీ. పేరుకి మన జూనియరే గదా."

కోటయ్య గారి మాటలకంటే ఈ మాట నన్ను ఎక్కువ కొట్టింది. సంఘంలోకి బంగారు ఉంగరంతో వచ్చినవాడికి మంచి చోటు, మాసిన బట్టలతో వచ్చినవాడికి నిలబడే చోటు ఇస్తే అది పాపమని నేను చిన్నప్పుడే నేర్చుకున్నాను. లెక్క రాసేటప్పుడు లోపలికి పిలిచి, కూర్చునేటప్పుడు బయటికి పంపే ఆఫీసు గురించి ఎవరూ నేర్పలేదు. మా సంఘాల్లో మాత్రం లేదా? ఒకే బల్ల దగ్గర రొట్టె విరిచి, పెళ్ళి సంబంధం దగ్గరికొచ్చేసరికి 'అంతకుముందు' వెతుక్కునేవాళ్ళు మాలో బోలెడంతమంది. అది కూడా చెప్పకపోతే నేను రాసేది సాక్ష్యం కాదు.

"ఆ అమ్మాయిని పంపిస్తే, ఆ జవాబుల్లోంచి నన్ను కూడా తీసేయండి" అన్నాను. "ఆడవాళ్ళ లెక్కలోంచీ, మైనారిటీల లెక్కలోంచీ. నేనూ ఇంటికి పోతాను."

"నేను కులం, మతం చూసేవాణ్ణా కరుణా? నువ్వే చెప్పు."

"చూడరండీ. అందుకే ఆ పిల్ల మేనత్త కూడా మీకు కనపడలేదు."

ఆయన ఆ జవాబులని సొరుగులో పెట్టాడు. "సోమవారం దాకా ఆలోచించనీ" అన్నాడు.

కొత్తవాళ్ళు ఇక్కడ ఒకటి గమనించాలి. ఏ కేసైనా తీసుకునే ముందు అవతలివాళ్ళు మనలో ఎవరికైనా చుట్టాలా అని ఆఫీసులో ప్రతి ఒక్కరినీ అడగటం లాయరు ధర్మం, టైపిస్టుతో సహా. ఎవరి తాలూకు అన్న మా మొరటు ప్రశ్న చాలా అన్యాయాలు చేసింది, నిజమే. కానీ దాన్ని మేము చెరిపేసినప్పుడు, అడిగి తీరాల్సిన ప్రశ్నని కూడా దాంతోపాటు చెరిపేశాం. అడగటంలో తప్పు లేదు. జవాబు విని ఏ కుర్చీ చూపిస్తామన్నదాంట్లోనే ఉంది తప్పంతా.

ఆ శని, ఆదివారాలు నేను ప్రార్థనలో ఉన్నాను. రేష్మ కోటు నిలబెట్టమని అడిగాను. మరోటి అడగలేదు.

ఎవరి తాలూకు

సోమవారం నేను వెళ్ళేసరికి వరండాలో సైదమ్మ నిలబడి ఉంది. కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. రేష్మ ఆమె పక్కనే ఉంది, ఇంటికి పొమ్మని బతిమాలుతోంది.

పూర్ణచంద్రరావు గారు మెట్లెక్కి వచ్చాడు. ఆ రోజు చేలో కొంగు చాటున ఉన్న మనిషిని ఆయన పోల్చుకోలేదు. తను పెట్టిన రూలు మరిచిపోయి, ఇన్నేళ్ళ అలవాటు కొద్దీ అడిగేశాడు.

"ఏ ఊరమ్మా? ఎవరి తాలూకు?"

సైదమ్మ రేష్మ భుజం మీద చెయ్యి వేసింది.

"ఇదిగోనండీ. ఈ లాయరు పిల్ల తాలూకు."

ఆయన అక్కడే ఆగిపోయాడు. ఆమె ఆగలేదు.

"మా వల్ల పిల్ల పని పోద్దని మా తమ్ముడు ఏడుస్తన్నాడయ్యా. మాకా దారి వద్దు. చుట్టు తిరిగి డొంకలోంచి పోతాం. వానాకాలం మోకాటి లోతు బురదైనా పోతాం. పిల్లని తీసెయ్యమాకండి."

మట్టిలో పెట్టి ఏడాదైనా కాని భర్త దగ్గరికి నడిచే దారిని ఆమె తెచ్చి మా గుమ్మంలో పెట్టింది. రేష్మ రెండు చేతులతో మొహం కప్పుకుంది. మనుషుల్ని కలుపుకుపోవటం అని మేము పెద్ద పేరు పెట్టుకున్న పని ఒక ముసలామెని ఎక్కడికి తెచ్చి నిలబెట్టిందో ఆ వరండాలో కళ్ళారా చూశాను.

పూర్ణచంద్రరావు గారు లోపలికి వెళ్ళాడు. తన ఎదురుగా ఉండే కుర్చీని తనే మోసుకుని వచ్చాడు.

"కూర్చోమ్మా. నేను అవతలి పక్షం ప్లీడర్ని. దారి సంగతి నాతో మాట్లాడకూడదు. ఆ మాట నువ్వు అనలేదు, నేను వినలేదు. ఏదున్నా మీ ప్లీడరుతోనే." తర్వాత రేష్మ వైపు తిరిగాడు. "మీ అత్తయ్యకి మంచినీళ్ళివ్వు. ఇచ్చి, వెళ్ళి నీ సీట్లో కూర్చో. చెప్పబోతే ఆపింది నేను. కోటయ్యకి అదే చెబుతాను. బార్ కౌన్సిల్ అడిగితే అక్కడా చెబుతాను."

చెప్పాడు కూడా. కోర్టు అనుమతి తీసుకుని ఆ కేసులో వకాలత్తు వదులుకున్నాడు. కోటయ్య గారు మెట్ల కింద నిలబడి పెద్ద గొంతుతో నాలుగు మాటలని ఫైలు తీసుకెళ్ళిపోయాడు. ఆయన బార్ కౌన్సిల్‌కి రాయలేదు. ఎందుకు రాయలేదో నాకు తెలియదు. కారులో తనేం మాట్లాడాడో అందులో రాయాల్సి వస్తుందనేమో. దావా ఇంకా నడుస్తోంది, వేరే లాయర్లతో. సైదమ్మ కూడా ఆ గట్టు మీద నడుస్తూనే ఉందట.

కంపెనీకి జవాబులు పంపే ముందు పూర్ణచంద్రరావు గారు జరిగింది జరిగినట్టు ఒక పేరా కలిపాడు. వాళ్ళు కేసులు ఇచ్చారు, కొన్నే. బోర్డు మీద ఇంటిపేర్లు మళ్ళీ రాయించాడు. రేష్మది నూర్‌బాషా అని రాసేటప్పుడు పెయింటర్ పక్కన నిలబడి ఒక్కో అక్షరం చూసుకున్నాడు.

ఆఫీసులో నా చివరి రోజు సామాను సర్దుకుంటుంటే పక్కన రేష్మ గదిలోంచి మాటలు వినిపించాయి. ఎవరో మిరప రైతు, కొత్త క్లయింటు.

"నూర్‌బాషా అంటే... ఎవరి తాలూకమ్మా మీరు?"

"మా నాన్న పరుపులు కుడతారండీ, పాత గుంటూరులో. మావాళ్ళు ప్రత్తిపాడు వైపు కూడా ఉన్నారు. ముందు మీ అవతలి పార్టీ పేర్లు చెప్పండి. మావాళ్ళైతే నేను మీ కేసు చూడకూడదు."

ఆయన పేర్లు చెప్పాడు.

"వాళ్ళెవరూ మా చుట్టాలు కాదండీ. కూర్చోండి, వింటాను."

నేను అట్టపెట్టె మీద చెయ్యి పెట్టుకుని వింటూ నిలబడ్డాను.

తర్వాత కుర్చీ లాగిన చప్పుడైంది.